ఇంధనానికీ ఒక ఊరుంటుంది

ఈమధ్య పెట్రోల్ బంకుకు వెళ్లినప్పుడు గమనించారా? పంపు మీద ‘ఈ-20’ అని రాసి ఉంటుంది. బండిలో పోసే ప్రతి 5 లీటర్లలో 1 లీటరు ఇథనాల్ అని దాని అర్థం. ఆ ఇథనాల్ చెరకు నుంచో, మొక్కజొన్న నుంచో, బియ్యపు నూకల నుంచో తీసింది. మొక్కల నుంచి, పశువుల పేడ నుంచి, తడి చెత్త నుంచి తయారయ్యే ఇలాంటి వాటినే జీవ ఇంధనాలు అంటున్నాం.

ఈ అంశం మీద వ్యాసరచన పోటీ పెడితే మాకు రెండు రకాల వ్యాసాలు అందుతాయి. మొదటి రకంలో జీవ ఇంధనాలు పర్యావరణానికి వరం. రెండో రకంలో అవి పేదవాడి కంచానికి శాపం. చదవడానికి రెండూ బాగానే ఉంటాయి. రెండింటిలోనూ లోటు మాత్రం ఒకటే. ఇంధనం పేరు ఉంటుంది గానీ, అది ఏ నేలలో పుట్టిందో, ఎవరి నీళ్లు తాగిందో ఎక్కడా ఉండదు.

బదిలీల కుటుంబాల పిల్లలకు బాగా తెలిసిన ప్రశ్న ఒకటుంది: “మీదే ఊరు?” కొత్త బడిలో చేరిన మొదటి రోజే ఎవరో ఒకరు అడుగుతారు. పుట్టింది విశాఖపట్నంలో, ఒకటో తరగతి జోధ్‌పూర్‌లో, నాలుగో తరగతి జోర్‌హాట్‌లో, ఇప్పుడేమో ఇక్కడ అని చెప్పేలోగా అడిగినవాళ్లు ఇంకో మాటలో పడిపోతారు. ముప్పై దాటిన మాకు కూడా ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం రాదు. మనల్ని తికమక పెట్టే ఆ ప్రశ్ననే ఇంధనాన్ని అడగాలని మేము అంటున్నాం. నీదే ఊరు? నిన్ను ఏ పొలంలో పండించారు? లేక ఏ చెత్తకుప్పలోంచి తీశారు?

మా అభిప్రాయం ముందే సూటిగా చెబుతాం. జీవ ఇంధనం మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది దాని పేరును బట్టి తేలదు, పుట్టిన చోటును బట్టి తేలుతుంది. పంటను ఇంధనంగా మార్చే తొందర కంటే, పారేస్తున్నదాన్ని ఇంధనంగా మార్చే ఓపిక ఇప్పుడు మన దేశానికి ఎక్కువ అవసరం.

ముందుగా మేలు

జీవ ఇంధనాలు కొత్తవేమీ కావు. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. మన అనంతపురం, కర్నూలు వైపు గానుగల్లో ఆడే నూనె లాంటిదే. ఆ తరవాత భూమిలోంచి తీసే చమురు చవకగా దొరకడంతో ప్రపంచం మొక్కల నూనెను మరచిపోయింది. 1970లలో చమురు ధరలు మండిపోయినప్పుడు మళ్లీ గుర్తుకొచ్చింది. బ్రెజిల్ 1975లో చెరకు ఇథనాల్ కోసం ఒక జాతీయ కార్యక్రమమే మొదలుపెట్టింది. మన దేశంలో 2003లో 5 శాతం ఇథనాల్ కలపడం మొదలైంది. 2014 నాటికి కూడా అది 1.5 శాతం దగ్గరే నిలిచిపోయింది. తరవాత వేగం పుంజుకుని 2022 జూన్‌లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది.

దీనివల్ల పర్యావరణానికి కలిగే మేలు ఏమిటో సైన్సు పుస్తకంలోని కార్బన్ చక్రం గుర్తు తెచ్చుకుంటే అర్థమవుతుంది. పెట్రోలులో ఉన్న కార్బన్ కోట్ల ఏళ్లుగా భూమి అడుగున నిద్రపోయినది. దాన్ని తవ్వి కాల్చితే గాలిలోకి కొత్తగా కార్బన్ డయాక్సైడ్ వచ్చి చేరుతుంది. చెరకు అలా కాదు. ఈ ఏడాది గాలిలోంచి పీల్చుకున్న కార్బన్‌నే, ఇథనాల్‌గా కాల్చినప్పుడు తిరిగి గాలికి ఇస్తుంది. అప్పు తెచ్చి ఖర్చు పెట్టడానికి, వచ్చిన జీతంలోంచి ఖర్చు పెట్టడానికి ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే తేడా. నీతి ఆయోగ్ చేయించిన అధ్యయనం ప్రకారం, పెట్రోలుతో పోలిస్తే హరితగృహ వాయువులు చెరకు ఇథనాల్‌తో 65 శాతం, మొక్కజొన్న ఇథనాల్‌తో 50 శాతం తక్కువ.

రెండో మేలు పొగ దగ్గర. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఇంధనం మరింత పూర్తిగా మండుతుంది. ఈ-20 వాడితే విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ ద్విచక్ర వాహనాల్లో సుమారు 50 శాతం, కార్లలో సుమారు 30 శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ఇథనాల్ మార్గసూచి చెబుతోంది. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర స్కూలు ఆటోలో కూర్చుని పొగ పీల్చే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

మూడోది పర్యావరణానికి సంబంధించింది కాకపోయినా పక్కన పెట్టలేం. మనకు కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా విదేశాల నుంచే కొంటున్నాం. అందులో కొంత డబ్బు మన రైతు ఇంటికి చేరితే మంచిదే కదా. చక్కెర మిల్లుల నుంచి బాకీలు రాక ఏళ్ల తరబడి తిరిగిన చెరకు రైతులకు, మిల్లులు ఇథనాల్ అమ్ముకోవడం మొదలుపెట్టాక కొంత ఊరట దొరికింది. ఈ మేలును కాదనేవాళ్ల మాట మేము ఒప్పుకోం.

పచ్చరంగు వెనుక

కానీ పైన చెప్పిన కార్బన్ చక్రం పుస్తకంలోని బొమ్మలో ఉన్నంత గుండ్రంగా పొలంలో ఉండదు. చెరకు తనంతట తాను పండి, తనంతట తాను ఫ్యాక్టరీకి నడిచి వెళ్లదు. దుక్కి దున్నే ట్రాక్టరుకు డీజిల్ కావాలి. మోటారుకు కరెంటు కావాలి, అందులో ఎక్కువ భాగం బొగ్గు నుంచి వచ్చేదే. యూరియా తయారీకి సహజ వాయువు కావాలి. యూరియా వేసిన పొలం నుంచి నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు వెలువడుతుంది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్ల దాకా బలమైనది. ఇవన్నీ కలిపాకే అసలు లెక్క తేలుతుంది. చెరకు పిప్పితోనే బాయిలరు మండించే మిల్లుకు ఒక లెక్క, బొగ్గుతో మండించే ధాన్యపు డిస్టిలరీకి ఇంకో లెక్క.

ఇంకో సంగతి. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి ఒక లీటరు పెట్రోలులో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. అందుకే పాత బండ్ల మైలేజీ కొంత తగ్గుతుంది. ఈ-20కి అనువుగా చేయని కార్లలో 6 నుంచి 7 శాతం, ద్విచక్ర వాహనాల్లో 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని అదే మార్గసూచి అంచనా. ఇంట్లో నాన్నగారు మైలేజీ గురించి సణుగుతుంటే ఆ సణుగుడులో కొంత నిజం ఉందన్నమాట.

నీళ్ల లెక్క

ఇవన్నీ చిన్న లెక్కలు. పెద్ద లెక్క నీళ్లది.

చక్కెర నుంచి 1 లీటరు ఇథనాల్ రావాలంటే, చెరకు పండించడానికే సుమారు 2,860 లీటర్ల నీళ్లు కావాలని నీతి ఆయోగ్ మార్గసూచిలోనే ఉంది. ఈ అంకెను కొంచెం దగ్గరగా చూద్దాం. జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో ఒక మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్లు ఇవ్వాలన్నది లక్ష్యం. 2,860ని 55తో భాగించండి. 52 వస్తుంది. అంటే స్కూటరులో 5 లీటర్ల ఈ-20 పోయించినప్పుడు, అందులోని 1 లీటరు చెరకు రసం నుంచి వచ్చిందైతే, ఒక మనిషి 52 రోజులు వాడుకునే నీళ్లు దాని వెనుక ఉన్నాయి. మన దేశంలో సాగునీటిలో 70 శాతాన్ని వరి, చెరకు అనే రెండు పంటలే తాగేస్తున్నాయని కూడా అదే పత్రం చెబుతోంది.

మహారాష్ట్రలోని మరాఠ్వాడాలో పనిచేసిన రోజుల్లో ఈ లెక్కను మేము కళ్లారా చూశాం. వారానికి ఒకసారి వచ్చే కుళాయి నీళ్ల కోసం క్వార్టర్స్‌లో అందరూ డ్రమ్ములు, బిందెలు సర్దుకునేవాళ్లు. కాలనీ గోడ దాటితే మాత్రం నిలువెత్తు చెరకు తోటలు. ఆ ప్రాంతంలోని లాతూరుకు 2016 ఏప్రిల్‌లో మిరజ్ నుంచి రైలు వ్యాగన్లలో తాగునీళ్లు తెచ్చి పోయాల్సి వచ్చింది. రైలులో నీళ్లు తెచ్చుకునే జిల్లాల్లో చెరకు పండించి, దాన్ని ఇంధనంగా మార్చి, దానికి పచ్చరంగు పూయడం ఎంతవరకు సబబు?

ఇక్కడ చెరకునంతా ఒకే గాటన కట్టకూడదు. చక్కెర తీశాక మిగిలే మడ్డిని మొలాసిస్ అంటారు. చక్కెర కోసం చెరకు ఎలాగూ ఆడారు కాబట్టి, ఆ మడ్డిలోంచి తీసే ఇథనాల్‌కు అదనంగా పొలంలో పారించే నీళ్లు దాదాపు లేవు. గంగ మైదానంలో వానలు, కాలువలు ఉన్నచోట పండే చెరకు వేరు, మరాఠ్వాడాలో బోరుబావి ఎండగట్టి పండించే చెరకు వేరు. ఊరు తెలియకుండా తీర్పు చెప్పకూడదని అందుకే అంటున్నాం.

కంచం లెక్క

2023లో వానలు సరిగ్గా పడలేదు. చెరకు దిగుబడి తగ్గుతుందని తేలగానే, ఆ ఏడాది డిసెంబర్‌లో కేంద్రం చెరకు రసంతో ఇథనాల్ తయారుచేయకుండా ఆంక్షలు పెట్టింది. అంతకుముందు జూలైలోనే భారత ఆహార సంస్థ ఇథనాల్ కంపెనీలకు బియ్యం ఇవ్వడం ఆపేసింది. మరుసటి ఏడాది పరిస్థితి మెరుగయ్యాక ఆంక్షలు సడలించారు. 2024-25లో ఇథనాల్ కోసం 52 లక్షల టన్నుల బియ్యం కేటాయించారు.

దీన్ని చూసి ప్రభుత్వం మాట మార్చిందని కొందరు ఎగతాళి చేశారు. మేము అలా అనుకోవడం లేదు. తిండికి కొరత వస్తుందేమోనన్న అనుమానం రాగానే ఇంధనాన్ని పక్కన పెట్టడం సరైన పనే. మాకు కనిపించే చిక్కు వేరు. మబ్బులు మొహం చాటేసిన ప్రతి ఏడూ ఇంధనమూ, అన్నమూ ఒకే గింజ కోసం పోటీ పడతాయి. బండ్లు మాత్రం వాన పడినా పడకపోయినా రోజూ నడుస్తూనే ఉంటాయి. ఒకసారి ఇంజన్లన్నీ 20 శాతానికి అలవాటు పడ్డాక, కరవు ఏడాదిలో ఆ 20 శాతం ఎక్కడి నుంచి తేవాలి?

వరికి, చెరకుకు బదులు మొక్కజొన్న వాడితే నీళ్లు ఆదా అవుతాయని నిపుణులు చెప్పారు. మాట నిజమే. కానీ మొక్కజొన్నను మనకంటే ముందు తినేవి కోళ్లు. ఒకప్పుడు మొక్కజొన్న ఎగుమతి చేసిన మన దేశం 2024లో దిగుమతుల వైపు మళ్లింది. దాణా ఖర్చు పెరిగిపోయిందని కోళ్ల ఫారాల యజమానులు మొరపెట్టుకున్నారు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంటుంది. ఆ గుడ్డుకూ, బంకులోని ఈ-20కీ మధ్య ఒక మొక్కజొన్న కంకి ఉందని గుర్తుంచుకుంటే చాలు.

కొండ నాలుకకు మందేస్తే

పొరుగు దేశాల అనుభవం ఇంకా గట్టి హెచ్చరిక. ఇండోనేషియాలో పామాయిల్‌తో బయోడీజిల్ తయారుచేస్తారు. 2025 నుంచి అక్కడ డీజిల్‌లో 40 శాతం బయోడీజిల్ కలపాలన్నది నియమం. ఆయిల్‌పామ్ చెట్టు మన గోదావరి జిల్లాల్లోనూ ఉంది, దానిలో దోషమేమీ లేదు. అక్కడ తోటలు వేసిన చోటే చిక్కు. సుమత్రా, బోర్నియో దీవుల్లో వేల ఏళ్లుగా ఆకులూ కొమ్మలూ బురదలో పేరుకుపోయి ఏర్పడిన పీట్ నేలలున్నాయి. అవి కార్బన్‌ను దాచిపెట్టిన కొట్ల లాంటివి. పామాయిల్ కోసం, కాగితపు గుజ్జు కోసం ఆ నేలల నీళ్లు తోడేసి, అడవి నరికి, నిప్పు పెట్టారు. ఎండిన పీట్ నేల అంటుకుంటే ఆర్పడం ఎవరి తరమూ కాదు. 2015లో ఆ పొగ సముద్రం దాటి సింగపూర్, మలేషియాలను కమ్మేసింది. అక్కడ బడులకు సెలవులు ఇవ్వాల్సి వచ్చింది.

అలాంటి నేలలో అడవి కొట్టి తోట వేస్తే గాలిలో కలిసిన కార్బన్ బాకీ తీరడానికి ఆ బయోడీజిల్‌ను 400 ఏళ్లకు పైగా వాడాలని 2008లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. అందుకే యూరోపియన్ యూనియన్ 2030 నాటికి పామాయిల్ ఇంధనాలను తన పచ్చ ఇంధనాల లెక్కలోంచి తీసేయాలని నిర్ణయించింది.

అడవి ఆముదం, కానుగ

మన దేశంలోనూ ఒక పాఠం ఉంది. మీ అమ్మానాన్నలు చదువుకునే రోజుల్లో జట్రోఫా అనే మొక్క గురించి చాలా గొప్పగా చెప్పుకునేవారు. తెలుగులో దాన్ని అడవి ఆముదం అంటారు. బీడు భూముల్లో, నీళ్లు లేకుండా, ఎరువు లేకుండా పెరుగుతుందని, దాని గింజల నూనెతో దేశమంతా డీజిల్ అవసరం తీరుతుందని ఊదరగొట్టారు. చాలా రాష్ట్రాలు లక్షల మొక్కలు నాటించాయి. 2017 నాటికి డీజిల్‌లోనూ 20 శాతం జీవ ఇంధనం కలపాలని 2009 నాటి విధానంలో రాసుకున్నారు.

ఏమైంది? నీళ్లు లేనిచోట మొక్క బతికింది గానీ కాయలు అంతంతమాత్రమే. కాయలు కావాలంటే నీళ్లు, ఎరువు పెట్టాల్సిందే. అవి పెట్టేవాడు తినే పంటే వేసుకుంటాడు కదా. పైగా ‘బీడు’ అని కాగితం మీద రాసిన భూములు చాలాచోట్ల ఊరి పశువులు మేసే బయళ్లు, పేదలు పుల్లలు ఏరుకునే చోట్లు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, దిగుబడి ఎంతో తెలియకముందే లక్ష్యాలు రాసుకున్నారు. జట్రోఫా పూర్తిగా పనికిరానిదనీ అనలేం. 2018 ఆగస్టులో డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి ఒక విమానం, జట్రోఫా నూనె నుంచి తీసిన ఇంధనం కలుపుకుని ఎగిరింది. అది పనికొచ్చే చోటు ఉంది, దేశం మొత్తానికి అదే దిక్కు అనుకోవడంతోనే పని చెడింది.

దీనికి పక్కనే కానుగ చెట్టు కథ పెట్టి చూడండి. మన పల్లెల్లో కాలువ గట్ల మీద, రోడ్ల పక్కన ఉండే చెట్టే. హిందీలో కరంజ్, కన్నడంలో హొంగె, తమిళంలో పుంగం అంటారు. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా ఏదో ఒక పేరుతో కలిసే ఉంటారు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే ఆదివాసీ గూడెంలో మహిళా సంఘాలు కానుగ మొక్కలు నాటి, గింజలు ఏరి, నూనె ఆడించుకున్నాయి. చెక్క పొలాలకు ఎరువైంది. ఆ నూనె డీజిల్‌కు బదులుగా పనికొచ్చి, 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను ఆపగలదని లెక్కగట్టి, తమ సమావేశం ఒకదాని వల్ల అయిన కాలుష్యానికి పరిహారంగా ప్రపంచ బ్యాంకు 2003లో ఆ గూడేనికి 645 డాలర్లు చెల్లించింది.

645 డాలర్లు పెద్ద మొత్తం కాదు. ఆ నూనెతో దేశం నడవదు. కానీ అక్కడ ఎవరి పొలమూ పోలేదు, ఎవరి బోరూ ఎండలేదు. గట్టు మీద చెట్టు, చెట్టు కింద గింజ, గింజలో నూనె. కొలత చిన్నదైనా ఇంధనం ఊరికి మిత్రంగా ఉండగలదని ఆ గూడెం చూపించింది.

పారేసేదాంట్లో ఉన్నది

ఢిల్లీ, హర్యానా వైపు చదివిన పిల్లలకు ‘పరాలీ’ అంటే చెప్పక్కర్లేదు. వరి కోశాక పొలంలో మిగిలే గడ్డి, కొయ్యకాళ్లు. అక్టోబర్, నవంబర్ నెలల్లో దాన్ని పొలంలోనే తగలబెట్టడం వల్ల ఆకాశం బూడిదరంగులోకి మారుతుంది, బడులు మూసేస్తారు. ఆ గడ్డి నుంచి ఇథనాల్ తీసే కర్మాగారం 2022 ఆగస్టు 10న పానిపట్‌లో ప్రారంభమైంది. ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలన్నది దాని సామర్థ్యం. గింజ మనిషికి, గడ్డి బండికి. ఇంతకంటే న్యాయమైన పంపకం ఏముంటుంది? అయితే ఒక్క పంజాబ్‌లోనే ఏటా సుమారు 2 కోట్ల టన్నుల వరిగడ్డి వస్తుంది. పానిపట్ ఫ్యాక్టరీ మొత్తం వాడినా అందులో వందో వంతే. గడ్డిని పొలం నుంచి మోపులు కట్టి తేవడం, నిలవ ఉంచడం, గట్టి పీచును విడగొట్టి చక్కెరగా మార్చడం ఖర్చుతో, శ్రమతో కూడిన పనులు. చెరకు రసంతో పోలిస్తే ఇది కష్టమైన దారి. కష్టమైనది కాబట్టే ప్రభుత్వ సాయం, పరిశోధన డబ్బు ఎక్కువగా ఇటు రావాలని మా వాదన.

తడి చెత్తది ఇంకా సులువైన కథ. ఇండోర్ నగరంలో 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్లాంటు రోజుకు 550 టన్నుల తడి చెత్త నుంచి 17,000 కిలోల బయో సీఎన్‌జీ తీసేలా కట్టారు. ఆ గ్యాసుతో సిటీ బస్సులు నడుపుతున్నారు. హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో మిగిలిపోయిన టమాటాలు, క్యాబేజీ ఆకులతో గ్యాసు, కరెంటు తయారుచేస్తున్నారు. ఆ చెత్త కుప్పగా పడి కుళ్లితే మీథేన్ అనే మరో వాయువు గాలిలో కలిసేది. ఇక్కడ రెండు వైపులా లాభమే: కుళ్లిపోయేది ఇంధనమైంది, గాలిలో కలవాల్సిన మీథేన్ ఆగింది. మన తాతల కాలం నుంచి పల్లెల్లో ఉన్న గోబర్ గ్యాసుదీ ఇదే సూత్రం.

వంటింట్లో మరిగించి మరిగించి వదిలేసిన నూనె కూడా ఇంధనమే. వాడిన నూనెను బయోడీజిల్‌గా మార్చడానికి ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. బజ్జీల బండి దగ్గర నల్లబడిన నూనె మళ్లీ మన కడుపులోకి రాకుండా లారీ ట్యాంకులోకి వెళితే అందరికీ ఆరోగ్యమే.

ఫ్యాక్టరీ ఉన్న ఊరి మాట

ఇంధనం పుట్టే ఊరంటే పొలం ఒక్కటే అనుకోకూడదు, డిస్టిలరీ ఉన్న ఊరు కూడా. మొలాసిస్ నుంచి 1 లీటరు ఆల్కహాల్ తీస్తే 8 నుంచి 15 లీటర్ల దాకా స్పెంట్ వాష్ అనే ముదురు రంగు మురుగునీరు మిగులుతుంది. దాన్ని చుక్క కూడా బయటకు వదలకుండా శుద్ధి చేయాలని నియమాలున్నాయి. నియమాలు కాగితం మీద ఉంటే సరిపోదని ఊళ్లవాళ్లకు తెలుసు. పంజాబ్‌లో జీరా దగ్గర మన్సూర్‌వాల్‌లో, ఒక ఇథనాల్ కర్మాగారం వల్ల భూగర్భజలాలు పాడయ్యాయంటూ 2022 జూలైలో గ్రామస్థులు ధర్నాకు కూర్చున్నారు. చలికాలం వచ్చినా లేవలేదు. 2023 జనవరిలో ఆ కర్మాగారాన్ని మూసేస్తున్నట్టు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. తెలంగాణలో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ దగ్గర కడుతున్న ఇథనాల్ పరిశ్రమ వద్దంటూ 2024 నవంబర్‌లో గ్రామస్థులు జాతీయ రహదారి మీద బైఠాయించారు. పనులు ఆపాలని అధికారులు ఆదేశించారు.

పట్నంలో గాలి శుభ్రపడటం కోసం పల్లెలో నీళ్లు పాడుచేసుకోమంటే ఎవరు ఒప్పుకుంటారు? ఫ్యాక్టరీ పెట్టేముందు ఆ ఊరిని కూర్చోబెట్టి, వాళ్ల భాషలో, అన్ని లెక్కలూ చెప్పి అడగాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

మా మాట

“ఇన్ని వంకలు పెడితే ఇక పెట్రోలే కాల్చమంటారా?” అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే. మేము పెట్రోలు వైపు మాట్లాడటం లేదు. కార్లూ స్కూటర్లూ మెల్లగా కరెంటు వైపు వెళుతున్నాయి. విమానాలు, ఓడలు, బరువు లారీలు అంత త్వరగా వెళ్లలేవు. వాటికి జీవ ఇంధనాలు కావాలి. అందుకే ఉన్న కొద్దిపాటి మంచి ఇంధనాన్ని జాగ్రత్తగా తయారుచేసుకుని, అవసరమైన చోట వాడుకోవాలి. దానికి ఒక వరస ఉండాలని మేము కోరుతున్నాం. మొదట చెత్త, పేడ, వాడిన నూనె, వరిగడ్డి. తరవాత మొలాసిస్ లాంటి ఉప ఉత్పత్తులు, పాడైపోయిన గింజలు. ఆ తరవాత గట్ల మీద, రోడ్ల పక్కన కానుగ లాంటి చెట్లు. తినే పంట అన్నిటికంటే చివర, అదీ నీళ్లున్న చోట, మిగులున్న ఏడాదిలో మాత్రమే. అడవి కొట్టి వేసే పంట ఆ వరసలోకే రాకూడదు.

ఇంకొక కోరిక. బంకులో ధర రాసిన బోర్డు ఉంటుంది. దాని పక్కన, ఈ నెల అమ్ముతున్న ఇథనాల్‌లో చెరకుది ఎంత, బియ్యానిది ఎంత, మొక్కజొన్నది ఎంత, గడ్డిది ఎంత అని నాలుగు అంకెలు రాయాలి. పాల ప్యాకెట్ మీద కొవ్వు శాతం చదివి కొనే మనం ఇంధనం గురించి ఆపాటి తెలుసుకోకూడదా?

పిల్లలూ, ఈ పని మీకే ఎందుకు చెబుతున్నామంటే, మీకు ఒక అరుదైన అవకాశం ఉంది. ఒకే ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు వాళ్ల బంకు తెలుసు, లేదా వాళ్ల పొలం తెలుసు. మీరు పానిపట్ పొగా చూశారు, మరాఠ్వాడా ట్యాంకరూ చూశారు, గోదావరి కాలువా చూశారు. సొంత ఊరు లేదని చిన్నబుచ్చుకోకండి. ఒక ఊరి సుఖం ఇంకో ఊరికి ఎంత ఖరీదో లెక్క చూడగలిగేది నాలుగు ఊళ్లు తిరిగినవాళ్లే.

సైన్స్ ఎగ్జిబిషన్‌లో ఏటా ఎవరో ఒకరు జీవ ఇంధనం మోడల్ పెడతారు. ఈసారి సీసా, గొట్టాలతోపాటు ఇంకో చార్టు కూడా అంటించండి. ఏ పదార్థం, ఏ జిల్లా, ఎన్ని నీళ్లు, తినేదా పారేసేదా అని నాలుగు గడులు గీయండి. మీ క్వార్టర్స్‌లో నెలకు ఎన్ని లీటర్ల వాడిన నూనె సింకుల్లోకి పోతుందో ఇంటింటికీ వెళ్లి అడగండి. దాన్ని తీసుకునేవాళ్లు మీ ఊళ్లో ఉన్నారేమో కనుక్కోండి. సైకిలు మీద వెళ్లగల దూరానికి బండి తీయమని నాన్నగారిని అడగకండి. కాల్చని లీటరుకు ఏ పొలమూ అక్కర్లేదు.

వచ్చే సంచికలో ఈ పేజీలు మీవే. మీరు ఇప్పుడున్న ఊళ్లో ఏ ఇంధనం పుడుతోంది, దాన్ని గురించి ఆ ఊరివాళ్లు ఏమనుకుంటున్నారు అన్నది ఒక పేజీలో, తెలుగులో రాసి పంపండి. గుణింతాలు తప్పినా ఫరవాలేదు, మేము దిద్దుకుంటాం. ఊరి పేరు మాత్రం తప్పకుండా రాయండి.